పళ్ళు చూసి కొన్న లేత్ మిషన్

వికారాబాద్‌లో మాకో పిండి గిర్నీ ఉంది. గోధుమలకు ఒక మిషన్, కారానికి ఒక మిషన్. పేరుకు యజమానిని నేను, పెత్తనం మా ఆవిడది. కాంటా ఆమెది, గల్లా ఆమెది, వచ్చిన ఆడవాళ్ళతో ముచ్చట ఆమెది. నాకు మిగిలింది మోటారు, బెల్టు, గ్రీజు, వాటితోపాటు తిట్లు.

తిట్లన్నీ ఒక్క బుష్ వల్ల వచ్చేవి. కారం మిషన్‌లో తిరిగే ఇరుసును కదలకుండా పట్టి ఉంచే గొట్టం ముక్క అది. చేతి గాజు కంటే చిన్నది. అది అరిగితే ఇరుసు ఊగుతుంది, మిషన్ కీచుమంటుంది, కారం ఉప్మా రవ్వలా బరకగా పడుతుంది. మా మిషన్ ఏ కాలం నాటిదో, దాని బుష్ ఏ దుకాణంలోనూ దొరకదు. లేత్ మీద, అంటే ఇనుమును తిప్పుతూ కోసే మిషన్ మీద, చేయించాల్సిందే. వికారాబాద్‌లో లేత్ ఉన్నవాళ్ళకు ట్రాక్టర్ల పనే తెమలదు. నా ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి "రేపు రా అన్నా" అంటారు. వాళ్ళ రేపు ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. అందుకని అరిగిన బుష్ జేబులో వేసుకుని రైలెక్కి తాండూరు పోవడం, అక్కడ బండలు పాలిష్ చేసే మిషన్ల పనుల మధ్య నా పనిని ఎలాగో దూర్చడం, తిరిగి రావడం. అంతదాకా కారం మిషన్ బంద్.

మామూలు రోజుల్లో ఎట్లాగో గడుస్తుంది. ఎండలు ముదిరి కొత్త మిర్చి ఎండే రోజుల్లో బంద్ పడితే మాత్రం కొంప మునిగినట్టే. ఏడాదికి సరిపడా కారం జనం అప్పుడే పట్టించుకుంటారు. కోట్‌పల్లి నుంచి, మోమిన్‌పేట్ నుంచి ఆటోలు కట్టించుకుని మరీ వస్తారు. పోయినేడు సరిగ్గా అప్పుడే మా బుష్ పోయింది. బస్టాండు దిక్కున కొత్తగా గిర్నీ పెట్టినాయన మా గిరాకీలో సగం గుంజుకున్నాడు.

"ఈ ఏడు గూడ మిర్చి దినాలల్ల బంద్ వడితే ఇగ తాళమేసుకునుడే. ఒక్కపారి వేరే గిర్నీకి మరిగిన ఆడది మల్ల మన మొకం జూస్తదా?" అంది మా ఆవిడ.

ఎప్పుడూ అరిచే మనిషి ఆ మాట మాత్రం మెల్లగా అంది. నాకు నిజంగా భయం వేసింది. మా తిండి, పిల్ల ఫీజు, ఇంటి కరెంటు బిల్లు అన్నీ ఆ మిషన్ నోట్లోంచి రావాల్సిందే.

అదే సమయంలో నాకు ఫోన్‌లో వీడియోల పిచ్చి పట్టింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఇంటి వెనక గదిలో చిన్న లేత్ పెట్టుకుని, ఈల వేసుకుంటూ, కావలసిన సామానంతా చేసేసుకుంటున్నారు. ఇనుము వాళ్ళ చేతిలో వెన్నలా దిగుతోంది. చూసి చూసి నాకూ చేతులు దురద పెట్టాయి. తక్కువ ధరలో ఒక పాత లేత్ కొని గిర్నీ వెనక కొట్టంలో పెట్టుకుంటే బుష్ పోయిన రోజే కొత్తది వేసుకోవచ్చు. ఈ మాట భోజనం దగ్గర మా ఆవిడతో చెప్పాను.

"పాలు కావాల్నంటె బర్రెను కొనేటోన్ని నిన్నే జూస్తున్న" అంది.

"బర్రెను కొన్నోనికి పాల ఫికరుండది గదనే!"

"పాలు పిండొస్తదా నీకు?"

లేత్‌ను నేను ముట్టుకున్నది లేదు, వీడియోల్లో చూడడమే. అయినా వారం పాటు సణిగాను, అలిగాను, అన్నం తక్కువ తిన్నాను. చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద. "నువ్వొక్కనివి పోతే తుప్పు కుప్పను జూపి బంగారమంటరు, నువ్వు నమ్ముతవు. నేను గిర్నీ ఇడిసిపెట్టి రాను. మా అమ్మను తోలుకపో."

మా అత్తది బంట్వారం దిక్కు. మా రెండు ఇళ్ళవాళ్ళూ గొర్లు కాసుకుని బతికినవాళ్ళే. నాకు గొర్రె దగ్గరికి వస్తే తుమ్ములు, అందుకే గిర్నీలో పడ్డాను. అత్త మాత్రం జీవితమంతా గొర్లను కొనడం, మేపడం, అమ్మడం తప్ప ఇంకో పని ఎరగదు. ఆమె బేరానికి కూర్చుంటే అంగట్లో పెద్దపెద్ద మీసాలవాళ్ళు కూడా సర్దుకుని కూర్చుంటారట. ఆమెకు లేత్ అంటే ఏమిటో రైల్లో వివరించబోయాను.

"లేత మిషనా?" అంది. "లేతదైతే మంచిదే అల్లుడా. ముదురుది కొనొద్దు."

తాండూరులో పాత మిషన్లు అమ్మే దుకాణం బండల పాలిష్ యూనిట్ల వెనక ఉంది. మిషన్ల మీద, దుకాణం సేటు మీద, టీ గ్లాసుల మీద బండల దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. నేను వీడియోల్లో నేర్చిన మాటలన్నీ ఒక్కసారిగా దింపాను. "బెడ్ అరిగిందా? బ్యాక్‌లాష్ ఎంతున్నది?"

"లాషూ గీషూ ఏం లేదన్నా, ఒకటో నంబర్ మాల్" అన్నాడు సేటు.

"మంచం మనకెందుకు అల్లుడా? ఇంట్ల ఉన్నది గదా" అంది అత్త.

బెడ్ అంటే మంచం కాదని, కోసే పనిముట్టు అటూ ఇటూ జరిగే నున్నటి ఇనుప పట్టాలని చెప్పాను. ఆమె వినలేదు. నాకు నచ్చిన లేత్ ఒకటి ముందే ఉంది. నీలం రంగు వేసి మెరుస్తోంది. అత్త దాన్ని ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది.

"గది వద్దు. రంగు పూసి అమ్ముతున్నరంటె లోపట రోగమున్నట్టే."

నేరుగా మూలకు పోయింది. అక్కడ ఒక నాలుగడుగుల లేత్ జిడ్డు ఓడుతూ నిలబడి ఉంది. దాని నడుము మీద రెండు దెబ్బలు చరిచింది. చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. వంగి కాళ్ళ మధ్యలోకి తొంగి చూసింది. ఆ తర్వాత సేటును అడిగింది, "ఎన్ని పండ్లేసింది?"

గొర్రెల బేరంలో వయసును పళ్ళతో చెప్తారు. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, నోరు నిండిందంటే ముసలిది. నాకు తెలుసు, సేటుకు తెలియదు. అతను నా వైపు చూశాడు. నేను పైకప్పు రేకుల వైపు చూశాను.

అత్త ఆగలేదు. ముక్కను బిగించి పట్టి తిప్పే చక్ లోపలికి చెయ్యి పెట్టి, మూడు దవడలూ తడిమి, "అయ్యో, మూడే పండ్లున్నయి! గిదేం పుట్టుక?" అంది. నేను సిగ్గుతో చచ్చి, ఆమెను పక్కకు లాగుదామని పక్కనున్న రేకు మూత మీద చెయ్యి వేశాను. మూత ఊడింది. లోపల పళ్ళ చక్రాలు ఉన్నాయి. అత్త మొహం వెలిగింది. ఇవీ పళ్ళంటే! ఒక్కొక్కటీ వేలితో తడుముతూ పోయి, "ఈడ ఒకటి ఊడింది" అంది.

నిజమే, పెద్ద చక్రానికి ఒక పన్ను విరిగి ఉంది. సేటు మొహంలో కళ తప్పింది. వెంటనే వేరే చక్రం ఇస్తానన్నాడు.

"పోయిన పన్నును మార్చుడు గూడ ఉంటదా?" అత్త నోరు తెరిచింది. "గట్లయితె నాకెన్ని గొర్లు మిగులుతుండె! తీసుకో అల్లుడా, ఇదే తీసుకో."

ధర మాత్రం పైకి చెప్పనివ్వలేదు. పశువుల అంగట్లో కొన్నిచోట్ల రుమాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టి బేరం చేస్తారు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా. ఆ దుకాణంలో మేం ముగ్గురం, ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు. అయినా సరే పద్ధతి పద్ధతే. ఆడమనిషి పరాయి మగవాడి చెయ్యి పట్టదు గనక, నా భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీదా సేటు చేతి మీదా కప్పింది. "ఊఁ, కానీయ్" అంది.

నాకు ఏ వేలు ఎంతో తెలియదు. తెలియదని అత్త ముందు ఒప్పుకోబుద్ధి కాలేదు. సేటు చూపుడు వేలు పట్టుకుని గట్టిగా పిసికాను. అతను ఉలిక్కిపడ్డాడు. అయిదు వేళ్ళూ కలిపి పిసికాను. చెయ్యి గుంజుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందన్నా గిది? దుకాణంల గిట్ల జేస్తరా?"

"అంగట్ల అన్నీ ఉన్నయి, అల్లుని నోట్లె శని ఉన్నది" అని అత్త నుదురు కొట్టుకుంది. తర్వాత బేరం నోటితోనే, తాండూరు బజారంతా వినేలా తనే చేసింది. ఎంతకు తెగిందో రాయను. రాస్తే మా ఇంట్లో ఆ లొల్లి మళ్ళీ మొదలవుతుంది.

లేత్‌ను ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి ఇద్దరు హమాలీలు వచ్చారు. సరిహద్దు అవతలివాళ్ళు, తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతారు. బల్లల మీదుగా పైకి నెడుతున్నాం, వెనక కొస నా చేతుల్లో ఉంది. పెద్ద హమాలీ ముందు నుంచి అరిచాడు, "హిడి! హిడి!"

'విడి' అని విని, విడువు అంటున్నాడనుకున్నాను. విడిచిపెట్టాను.

కన్నడంలో హిడి అంటే పట్టుకో అని తర్వాత తెలిసింది. లేత్ వెనక్కి జారి, ఆటో అంచుకు కొట్టుకుని నిలబడింది. దేవుడి దయ, ఎవరి కాలూ పోలేదు. పనిముట్టును ముందుకీ వెనక్కీ జరిపే చేతిచక్రం మాత్రం టప్పున రెండు ముక్కలైంది. హమాలీ నన్ను కన్నడంలో తిట్టాడు. దాని అర్థం మాత్రం పూర్తిగా తెలిసింది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ ముక్కలు చూసి, "బేరం మా అమ్మ జేసింది, ఇరగ్గొట్టుడు నువ్వు జేసినవు. పని మంచిగనే పంచుకున్నరు" అంది. ఆ చక్రం స్థానంలో ఇప్పటికీ ఒక పానా పెట్టే తిప్పుతున్నాను.

లేత్‌ను కొట్టంలో దింపి, కరెంటు కలిపేసరికి అత్త పూజకు సిద్ధమైంది. కొబ్బరికాయ తెచ్చి, తిన్నగా మెరిసే బెడ్ మీద కొట్టబోయింది. పరుగెత్తి ఆ బెడ్ మీద అడ్డంగా పడుకున్నాను. "నా నెత్తి మీద కొట్టు అత్తా, దీని మీద వద్దు!" కాయను బయట బండ మీద కొట్టించడానికి నా తలప్రాణం తోకకు వచ్చింది.

"మరి నిమ్మకాయ తొక్కియ్యాలె గదా" అంది అత్త.

"ఇదేమన్న మోటరుబండా అత్తా? దీనికి చక్రాలేడున్నయి?"

"తిరిగేది ఉన్నది గదా. దాంట్ల పెట్టు."

చక్‌లో పెట్టమంటోంది! నేను కాదన్నాను. మా ఆవిడ వంత పాడింది. "పోనీ తియ్యయ్యా, ఒక్క నిమ్మకాయనే గదా. దిష్టి పోతది." పొద్దున్నుంచి తిట్లు తిని ఉన్నాను, ఇంక ఓపిక లేదు. సరే కానివ్వండి మీ ఇష్టం అని, కుంకుమ కూరిన నిమ్మకాయను మూడు దవడల మధ్య బిగించి, స్విచ్ వేశాను. బెల్టు ఏ వేగం మీద ఉందో చూడలేదు.

అది అన్నిటికన్నా పై వేగం మీద ఉంది. నిమ్మకాయ ఒక్క క్షణం తిరిగి, ఢామ్మని పేలింది. సగం చెక్క పైరేకుకు తగిలి నా నెత్తి మీద పడింది. మిగతా సగం రసమై, కుంకుమై అందరి మీదా పడింది. కళ్ళు మండి నేను గెంతుతున్నాను. చప్పుడు విని పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు. ఎర్రగా తడిసిన మా ముగ్గురినీ చూసి, "ఓర్నాయనో, దవాఖానకు ఫోన్ కొట్టుండ్రి!" అని వీధిలోకి పారిపోయాడు. మా ఆవిడ నవ్వలేక నేల మీద కూలబడింది. పెళ్ళయిన్నాటి నుంచి ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. అత్త కొంగుతో మొహం తుడుచుకుని తృప్తిగా, "దిష్టి గట్టిగనే వోయింది" అంది.

దిష్టి పోయిందో లేదో కానీ, పొద్దున లేచేసరికి నిమ్మరసం పడ్డచోటల్లా బెడ్ తుప్పు పట్టింది. నున్నటి పట్టాల మీద గోధుమరంగు మచ్చలు. కిరోసిన్ గుడ్డతో రుద్దుతూ కూర్చున్నాను, నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. అప్పటికే అత్త బంట్వారం బస్సెక్కింది, అదృష్టవంతురాలు.

తర్వాత నేర్చుకోవడం మొదలైంది. వీడియోలో వెన్నలా దిగిన ఇనుము నా దగ్గర మేకలా మొండికేసింది. పనిముట్టు ఒక గోరు ఎత్తు ఎక్కువైతే అరుస్తుంది, తక్కువైతే ముక్క ఎగిరిపోతుంది. కొలిచి చేశానా, ఒక మూల లావు, ఒక మూల సన్నం. రోజూ గిర్నీ కట్టేశాక కొట్టంలో దూరేవాణ్ణి. చెడిపోయిన ముక్కలను మా ఆవిడకు కనబడకుండా పాత బకెట్‌లో వేసేవాణ్ణి. ఆమె రోజూ ఆ బకెట్‌ను చూస్తోందని నాకు తెలుసు. చూసి ఊరుకోవడం ఆమె స్వభావం కాదు. ఊరుకుంటోంది, అదే నన్ను మరింత పరేషాన్ చేసింది.

మిర్చి దినాలు వచ్చాయి.

కారం మిషన్ అప్పటికి బాగానే నడుస్తోంది. ఒకనాడు పొద్దెక్కేసరికి గిర్నీ ముందు బేసిన్లు బారులు తీరాయి. కోట్‌పల్లి ఆటో ఒకటి, మోమిన్‌పేట్ ఆటోలు రెండు దిగాయి. అందరూ తుమ్ముతున్నారు, అందరూ అరుస్తున్నారు, మా ఆవిడ మొహం మిర్చి కంటే ఎర్రగా, పండుగలా ఉంది. సరిగ్గా అప్పుడు మిషన్ కీచుమంది. స్విచ్ ఆపి ఇరుసును పట్టి ఊపాను. అటూ ఇటూ ఆడింది. బుష్ పోయింది.

ఒక ముసలామె అప్పుడే తన బేసిన్ నెత్తికెత్తుకుంది. "పాండ్రే, బస్టాండు కాడికి వోదాం. పోయినేడు గూడ గిట్లనే అయ్యె." ఇంకో ఇద్దరు లేచారు. ఒకామె ఆటో అతన్ని కేకేసింది.

మా ఆవిడ కాంటా దగ్గర నుంచి లేచింది. పోయి గడప మీద కూర్చుంది, రెండు చేతులూ రెండు దిక్కుల దర్వాజాకు ఆనించి. "ఎవ్వరు పోవద్దు. మా ఇంట్ల లేత్ ఉన్నది. మా ఆయన జేస్తడు, గిప్పుడే జేస్తడు. చాయ్ తాగుండ్రి."

నేను అప్పటిదాకా సరైన బుష్ ఒక్కటీ చేసి ఉండలేదు. బకెట్ నిండా ఉన్న ముక్కలు చూసిన మనిషి అందరి ముందూ అట్లా అనేసింది. ఏమనుకుని అందో అడగడానికి కూడా టైం లేదు. మిషన్ నుంచి ఇరుసు ఊడదీసుకుని కొట్టంలోకి ఉరికాను.

బుష్‌కు వాడే గన్‌మెటల్ కడ్డీ ఇంక రెండు ముక్కలకే సరిపోతుంది. మొదటిది బిగించాను. కిటికీలో తలలు నిండాయి. "సన్నగ కొయ్యన్నా" అని ఒకామె, "ఎందుకట్ల అరుస్తది?" అని ఇంకొకామె. వేడి రజను ఎగిరి మణికట్టు మీద పడుతోంది. పైకొలత కుదిరింది. లోపలి రంధ్రం దాదాపు కుదిరింది. ఇంకొక్క గీత తీద్దామని ఆశపడ్డాను. ఆ గీత ఎక్కువైంది. ఇరుసును అందులో పెడితే గాజులో కట్టెపుల్లలా లొడలొడలాడింది.

బయట గొంతులు పెరిగాయి. మా ఆవిడ లోపలికి వచ్చింది. కిటికీ మూసింది, తలుపు దగ్గరికేసింది. నా చేతిలో ముక్క చూసింది. తిడుతుందని ఎదురుచూశాను.

"కాకుంటె చెప్పు" అంది గుసగుసగా. "మోటర్ కాలిందని నేనే చెప్పి పంపిస్త. నీ మీదికి మాట రానియ్య."

ఇల్లు గడిచే గిరాకీ బయట నిలబడి ఉంది. అది పోతే తాళం వేసుకోవడమేనని చెప్పిన మనిషి ఈమే. దాన్ని పోనివ్వడానికి సిద్ధపడి నా పరువు దాస్తానంటోంది. నాకు ఏడుపు వచ్చిందనే చెప్తాను, దాచడమెందుకు.

"ఇంకొక్క ముక్క ఉన్నది" అన్నాను. "జర ఆపు వాళ్ళను."

ఆమె వెళ్ళి మళ్ళీ గడప మీద కూర్చుంది. ఈసారి ఏ వీడియోనూ తలుచుకోలేదు. కొంచెం తీయడం, ఆపడం, ఇరుసును పెట్టి చూడడం. పట్టదు. మళ్ళీ కొంచెం. పట్టదు. ఇంకొక్క గీత అని చెయ్యి లాగితే ఆ చెయ్యిని నేనే తిట్టి ఆపాను. బయట మా ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది. ఒకామెను కోడలి ముచ్చట అడుగుతోంది, ఒకామెకు మరో చాయ్ పోస్తోంది, లేచినదాన్ని చెయ్యి పట్టి కూర్చోబెడుతోంది. చివరికి ఇరుసు మెత్తగా లోపలికి జారింది. తిప్పితే తిరిగింది, ఊపితే ఊగలేదు.

బుష్ బిగించి స్విచ్ వేశాను. కీచు లేదు. కారం మెత్తగా, పిండిలా జారింది. ముసలామె చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, తన బేసిన్‌ను మళ్ళీ వరుసలోకి జరిపింది. ఒక్కరూ పోలేదు.

మోమిన్‌పేట్ ఆమె అడిగింది, "గింత జల్ది ఏడికెల్లి తెచ్చిండ్రక్కా సామాను?"

"తెచ్చుడేంది?" మా ఆవిడ కాంటా మీది నుంచి తలెత్తకుండానే అంది. "మా ఇంట్లనే జేసినం."

జేసినం! నాకు ఒళ్ళు మండింది. మణికట్టు కాలింది నాది, అన్ని రోజులు కొట్టంలో తుప్పు పీల్చింది నేను, మధ్యలో ఈ 'జేసినం' ఏమిటి? అందరి ముందూ తేల్చుకుందామని నోరు తెరిచాను. అప్పుడే మా ఆవిడ దిక్కు చూశాను, ఆమె చాయ్ చుక్క కూడా తాగలేదు. అంతసేపు దర్వాజాకు ఆనించి పెట్టిన చేతులతో కాంటా మీద తూకం రాయి కూడా నిలబెట్టలేకపోతోంది.

"అవునక్కా" అన్నాను మోమిన్‌పేట్ ఆమెతో. "ఇద్దరం గలిసి జేసినం."